ఒకే ఇంట్లో ఆరుగురు: ఇంగ్లండ్‌లో ఉచిత ఫ్లూ టీకా అర్హతపై ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లోని ఒక జీపీ సర్జరీలో, అంటే జీపీలు అనే కుటుంబ వైద్యులు నడిపే స్థానిక క్లినిక్‌లో, నేను క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఫ్లూ సీజనులో టీకాకు ఎవరు అర్హులో పరిశీలించడం, వారి మందుల చరిత్ర సరిచూడడం, టీకా వేయడం నా బాధ్యతల్లో భాగం. 2024 అక్టోబరు 5, శనివారం నాడు జరిగిన మా ఫ్లూ క్లినిక్‌కు ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఆ ఇంట్లో ఉండేది ఆరుగురు. వారిలో ఇద్దరికి మాత్రమే మా సర్జరీ నుంచి ఆహ్వానం వెళ్లింది. మిగిలిన నలుగురూ డబ్బు చెల్లించవలసిందేనని వారు ముందే అనుకుని, ఆ ఖర్చు ఎంతవుతుందో అడిగారు. పరిశీలన పూర్తయ్యేసరికి ఆరుగురిలో అయిదుగురు ఉచిత టీకాకు అర్హులని తేలింది. ఆహ్వానం రావడం, అర్హత ఉండడం రెండూ ఒకటి కావని, ముఖ్యంగా విదేశాల నుంచి వచ్చి స్థిరపడుతున్న కుటుంబాల విషయంలో ఆ రెండింటి మధ్య దూరం చాలా ఎక్కువని చూపడానికే ఈ కేసును వివరంగా రాస్తున్నాను. కుటుంబం అనుమతితోనే రాస్తున్నప్పటికీ, వారిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలను మార్చాను.

కుటుంబం వివరాలు ఇవి. భార్యకు 33 ఏళ్లు. ఆమె 19 వారాల గర్భిణి, ఇది రెండో కాన్పు. భర్తకు 38 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వారి కుమార్తె 2020 డిసెంబరులో పుట్టింది. భర్త తల్లి గుంటూరు జిల్లా నుంచి సెప్టెంబరు మధ్యలో విజిటర్ వీసా మీద వచ్చారు. కోడలి కాన్పు దాకా ఉండాలన్నది ఆమె ఆశ. భార్య తమ్ముడికి 27 ఏళ్లు. వృద్ధుల ఇళ్లకు వెళ్లి సేవలందించే ఒక సంస్థలో కేర్ వర్కరుగా పనిచేస్తున్నాడు. వీరు కాక, వరంగల్ నుంచి వచ్చి మాస్టర్స్ చదువుతున్న 24 ఏళ్ల యువకుడు ఆ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఆహ్వానం అందింది భార్యకూ, కుమార్తెకూ మాత్రమే.

ఆ ఏటి నిబంధనలు

ఇంగ్లండ్‌లో ఉచిత ఫ్లూ టీకా అందరికీ ఉద్దేశించినది కాదు. ఎవరికి ఇవ్వాలన్నది వ్యాధినిరోధక టీకాల సంయుక్త కమిటీ, అంటే జేసీవీఐ, సలహా మీద ప్రభుత్వం ఏటా నిర్ణయిస్తుంది. ఆ జాబితా ఒక లేఖ రూపంలో సీజనుకు చాలా ముందే సర్జరీలకు, ఫార్మసీలకు చేరుతుంది. వైద్యపరమైన వివరణలన్నీ మేము గ్రీన్ బుక్ అని పిలుచుకునే, టీకాలపై ప్రభుత్వ మార్గదర్శక గ్రంథం 19వ అధ్యాయంలో ఉంటాయి. 2024-25 సీజనుకు నిర్ణయించిన ప్రకారం గర్భిణులు, 2024 ఆగస్టు 31 నాటికి రెండేళ్లు లేదా మూడేళ్ల వయసున్న పిల్లలు, రిసెప్షన్ అనే తొలి తరగతి నుంచి ఇయర్ 11 (15-16 ఏళ్లవారి తరగతి) దాకా బడిలో చదివే పిల్లలు, ఆరు నెలలు నిండి దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లలు సెప్టెంబరు 1 నుంచే టీకా తీసుకోవచ్చు. 65 ఏళ్లు నిండినవారికి, జబ్బుల వల్ల ముప్పు ఎక్కువగా ఉన్న 18 నుంచి 64 ఏళ్లవారికి, వృద్ధాశ్రమాల వంటి చోట్ల దీర్ఘకాలం ఉండేవారికి, వృద్ధులనో వికలాంగులనో ప్రధానంగా చూసుకునేవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారితో కలిసి ఉండేవారికి, యాజమాన్యం తరఫున టీకా ఏర్పాటు లేని సామాజిక సేవా సిబ్బందికి మాత్రం అక్టోబరు 3 నుంచి మొదలైంది.

ఈ రెండు తేదీల తేడా చాలామందిని చికాకు పెడుతుంది. దీనికి కారణం టీకా కొరత కాదు. పెద్దవారిలో ఫ్లూ టీకా ఇచ్చే రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఇక్కడ ఫ్లూ ఉధృతి సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది కాబట్టి, సెప్టెంబరు మొదట్లోనే వేస్తే అసలు అవసరమైన సమయానికి రక్షణ సన్నగిల్లే అవకాశం ఉంది. పిల్లలకు ముందుగా వేయడానికి మరొక కారణం ఉంది: ఫ్లూను ఇంటింటికీ మోసుకెళ్లేది ఎక్కువగా వారే. గర్భిణుల విషయంలో, సీజను మొదట్లోనే కాన్పు అయ్యేవారి బిడ్డలకు కూడా రక్షణ అందాలంటే ఆగడం కుదరదు.

భారతదేశంలో ఈ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమంలో లేదు. అక్కడ సాధారణంగా ప్రైవేటు ఆసుపత్రిలోనో క్లినిక్‌లోనో డబ్బిచ్చి వేయించుకుంటారు. అందువల్ల మన కుటుంబాలు ఇక్కడికి వచ్చినప్పుడు ఈ టీకాను కొనుక్కోవలసిన వస్తువుగానే భావిస్తాయి. తమకు ఉచితంగా రావచ్చేమోనని అడగాలన్న ఆలోచనే చాలామందికి కలగదు.

భార్య

ఈమె అర్హత గురించి ఎవరికీ సందేహం లేదు. గర్భం ఏ నెలలో ఉన్నా టీకా ఉచితమే. 2010 నుంచి ఇక్కడ గర్భిణులందరికీ, వేరే జబ్బులున్నా లేకున్నా, ఇది ఇస్తున్నారు. మిడ్‌వైఫ్ చెప్పారు, సర్జరీ నుంచి సందేశం వచ్చింది, అయినా సెప్టెంబరు నెలంతా ఆమె వాయిదా వేశారు. కడుపుతో ఉన్నప్పుడు అనవసరమైన సూదులు వద్దని అత్తగారు అనడం ఒక కారణం. ఇంట్లో అందరితో పాటే వేయించుకుందామనుకోవడం ఇంకొకటి.

అత్తగారి మాటను తేలిగ్గా తీసుకోవడం నాకు సరికాదనిపించింది. ఆమె తన కాన్పుల్లో ధనుర్వాతం రాకుండా టీటీ సూది వేయించుకున్నారు. దాన్ని ఆమె అవసరమైన సూదిగానే గుర్తుంచుకున్నారు. ఆ సూది తల్లికి పుట్టించే రక్షణ కడుపులోని బిడ్డకూ చేరుతుందన్న సంగతి నుంచే మాట మొదలుపెట్టాను. ఫ్లూ టీకా విషయంలోనూ జరిగేది అదే. ఆరు నెలల లోపు పసివారికి ఫ్లూ టీకా వేయడానికి వీలు లేదు. ఆ నెలల్లో బిడ్డకు తల్లి నుంచి అందే ప్రతిరక్షకాలే ఆధారం. ఈమెకు ఫిబ్రవరి చివర్లో కాన్పు కావలసి ఉంది, అంటే బిడ్డ ఫ్లూ కాలం ముగియకముందే పుడుతుంది. పైగా గర్భం చివరి నెలల్లో ఊపిరితిత్తుల మీద, గుండె మీద భారం పెరుగుతుంది కాబట్టి ఫ్లూ సోకితే తల్లికే పరిస్థితి విషమించవచ్చు. గర్భిణులకు వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు. అందువల్ల దాని నుంచి ఫ్లూ రావడం జరగదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడడం ఉండవచ్చు.

ఆమె ఆ రోజే టీకా వేయించుకున్నారు. కోరింత దగ్గు టీకా 16వ వారం నుంచి ఇస్తారు కాబట్టి 20 వారాల స్కానుకు వెళ్లినప్పుడు దాన్ని మిడ్‌వైఫ్ దగ్గర తీసుకోవాలని నిర్ణయించాం. పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు 2024 సెప్టెంబరులో కొత్తగా మొదలైన టీకా గర్భిణులకు 28 వారాలు నిండాక ఇస్తారు; దానికి డిసెంబరు మొదటి వారం గుర్తుచేసేలా రికార్డులో రాశాను. ఈ మూడూ వేర్వేరు టీకాలని, ఒకటి తీసుకుంటే మిగిలినవి అక్కర్లేదనుకోవడం తప్పని ఆమెకు విడిగా చెప్పాను, ఎందుకంటే మన కుటుంబాల్లో ఈ పొరపాటు తరచుగా చూస్తున్నాను.

పాప

2020 డిసెంబరులో పుట్టిన పాపకు 2024 ఆగస్టు 31 నాటికి మూడేళ్లు నిండాయి. ఇంకా బడిలో చేరలేదు కాబట్టి ఆ ఏడాది ఆమెకు టీకా వేయవలసింది జీపీ సర్జరీయే. రిసెప్షన్‌లో చేరాక బడిలోనే వేస్తారు. ఈ వయసు పిల్లలకు సూది ఉండదు. ఒక్కో ముక్కు రంధ్రంలో 0.1 మిల్లీలీటరు చొప్పున స్ప్రే చేస్తారు. ఇంగ్లండ్‌లో పిల్లలకు ఈ స్ప్రే ఇచ్చే కార్యక్రమం 2013లో రెండు, మూడేళ్ల పిల్లలతో మొదలై, క్రమంగా బడి పిల్లలకు విస్తరించింది.

ఈ స్ప్రే మీద కుటుంబానికి మూడు సందేహాలున్నాయి, మూడూ న్యాయమైనవే. మొదటిది, ఇందులో పంది నుంచి తీసిన జిలటిన్ ఉంటుందని తెలిసి నానమ్మ అభ్యంతరం చెప్పడం. మత విశ్వాసం వల్ల గానీ ఆహార నియమం వల్ల గానీ జిలటిన్ వద్దనుకునే తల్లిదండ్రులకు, జిలటిన్ లేని సూది టీకా అడిగి తీసుకునే హక్కు ఉంది. దీనికీ డబ్బు తీసుకోరు. స్ప్రే పిల్లల్లో బాగా పనిచేస్తుందని, వ్యాప్తిని కూడా తగ్గిస్తుందని చెప్పి, నిర్ణయం తల్లిదండ్రులకే వదిలేశాను. వారు తమలో తాము మాట్లాడుకుని స్ప్రేకే ఒప్పుకున్నారు. రెండోది, స్ప్రేలో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది గనుక ఇంట్లో ఉన్న గర్భిణికి ప్రమాదం ఉంటుందా అన్నది. ఆ వైరస్ ముక్కులోని చల్లదనంలో మాత్రమే పెరిగేలా తయారైనది. శరీరపు లోపలి వేడిలో సరిగా పెరగలేదు. ఎముక మజ్జ మార్పిడి జరిగి విడిగా ఉంచవలసినంత బలహీనంగా ఉన్నవారు ఇంట్లో ఉంటేనే స్ప్రే విషయంలో జాగ్రత్త పాటిస్తాం. గర్భిణి ఇంట్లో ఉండడం అడ్డంకి కాదు. మూడోది, హైదరాబాద్‌లో ఉన్న బంధువుల పిల్లవాడికి అక్కడి పిల్లల డాక్టరు నెల తేడాతో రెండు డోసులు వేశారని, ఇక్కడ ఒకటే ఎందుకని తండ్రి అడిగారు. భారతీయ పిల్లల వైద్యుల అకాడమీ తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి రెండు డోసులు సూచిస్తుంది. ఇక్కడ దీర్ఘకాలిక జబ్బున్న తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి రెండు డోసులు ఇస్తారు గానీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు స్ప్రే ఒక డోసే ఇస్తారు. రెండు చోట్లా వైద్యులు చెప్పింది వారి వారి కార్యక్రమం ప్రకారం సరైనదే.

తల్లి తన స్నేహితురాలి బాబు గురించి కూడా అడిగారు. ఆ బాబు 2022 సెప్టెంబరు రెండో వారంలో పుట్టాడు. క్లినిక్ జరిగిన రోజుకు అతనికి రెండేళ్లు నిండాయి, కానీ ఆగస్టు 31 నాటికి నిండలేదు. కాబట్టి వేరే జబ్బు లేకపోతే ఆ ఏడాది ఉచిత టీకా రాదు. పది పన్నెండు రోజుల తేడాతో ఒక చలికాలమంతా ఆగవలసి రావడం కష్టంగానే అనిపిస్తుంది. అయితే బడి ప్రవేశాలకు కూడా ఇక్కడ ఆగస్టు 31నే గీతగా పెట్టుకున్నారు కాబట్టి, పిల్లల జాబితాలన్నీ ఆ తేదీ మీదే నడుస్తాయి.

అత్తగారు

ఈమె విషయంలో రెండు ప్రశ్నలు తలెత్తాయి: విజిటర్ వీసా మీద వచ్చినవారికి ఉచిత టీకా వస్తుందా, వస్తే ఏ కారణం మీద వస్తుంది అన్నవి.

ఇంగ్లండ్‌లో జీపీ సర్జరీలో అందే ప్రాథమిక వైద్యానికి వీసాతో సంబంధం లేదు. ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు; మూడు నెలల లోపు ఉండేవారు తాత్కాలిక రోగిగానూ, అంతకు మించి ఉండేవారు మామూలుగానూ నమోదవుతారు. చిరునామా రుజువు గానీ వీసా పత్రాలు గానీ లేవని సర్జరీ తిరస్కరించడానికి వీల్లేదు. డబ్బు కట్టవలసి వచ్చేది ఆసుపత్రిలో. విజిటర్‌గా వచ్చినవారిని ఆసుపత్రిలో చేర్చుకుంటే మామూలు రేటుకు 150 శాతం చొప్పున బిల్లు వేస్తారు. ఆ బాకీ 500 పౌండ్లు దాటి తీర్చకుండా ఉండిపోతే తరువాతి వీసా దరఖాస్తుల మీద కూడా దాని ప్రభావం పడవచ్చు. ఫ్లూ ముదిరి న్యుమోనియా వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వస్తే ఆ కుటుంబం మీద పడే భారం ఎంతో ఊహించండి. వృద్ధులైన తల్లిదండ్రులను చలికాలంలో ఇక్కడికి రప్పించుకునే తెలుగు కుటుంబాలు టీకా గురించి మొదటి వారంలోనే ఆలోచించాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

ఇక వయసు. పాస్‌పోర్టు ప్రకారం ఆమె పుట్టింది 1960 జులైలో, అంటే ఆమెకు 64 ఏళ్లు. 2025 మార్చి 31 నాటికి 65 నిండేవారికి కూడా ఆ సీజనులోనే టీకా ఇస్తారు గానీ, ఆమెకు నిండేది జులైలో. తన అసలు వయసు అంతకంటే రెండేళ్లు ఎక్కువని, బడిలో చేర్చినప్పుడు తక్కువ రాయించారని ఆమె చెప్పారు. మన తరాల్లో ఇది అరుదైన విషయమేమీ కాదు, ఆమె మాటను నమ్మకపోవడానికీ నాకు కారణం లేదు. అయినా అర్హతకు లెక్కలోకి వచ్చేది రికార్డులో ఉన్న తేదీయే. ఆ చర్చ అవసరం లేకుండానే విషయం తేలిపోయింది, ఎందుకంటే మందులేమైనా వాడుతున్నారా అని అడగగానే ఆమె చేతిసంచిలోంచి మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పు తీశారు. పదేళ్లుగా షుగరు ఉంది. ఆరు నెలలకు సరిపడా మందులు గుంటూరులోనే కొనుక్కుని వచ్చారు. మధుమేహం ఉన్నవారు, మాత్రలు వాడుతున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, ఆహార నియమంతోనే అదుపులో పెట్టుకుంటున్నా, ఏ వయసువారైనా ఉచిత టీకాకు అర్హులు.

మరి ఆమెకు ఆహ్వానం ఎందుకు వెళ్లలేదు? నమోదు పత్రంలో షుగరు ఉందా అన్న గడి ఖాళీగా ఉంది. ఉన్న జబ్బు రాస్తే ప్రయాణ బీమా చెల్లదని, వీసా వారికి తెలిసిపోతుందని, బిల్లులు వస్తాయని భయపడి కోడలు అది నింపలేదు. ఆ భయం మన కుటుంబాల్లో ఎంత విస్తృతంగా ఉందో నాకు తెలుసు, అందుకే ఇక్కడ కొంత వివరంగా చెబుతున్నాను. సర్జరీలో జబ్బు వివరం రాసినందువల్ల బిల్లు రాదు. బీమా విషయానికొస్తే, పాత జబ్బును చెప్పవలసింది పాలసీ కొనేటప్పుడే. ఇక్కడ రాయకపోవడం వల్ల అక్కడ దాగేదేమీ లేదు. రాయకపోవడం వల్ల జరిగే నష్టం మాత్రం కచ్చితమైనది: ఆపద సమయంలో ఆమెను చూసే డాక్టరుకు ఆమెకు షుగరు ఉన్న సంగతి తెలియదు.

ఆమె దగ్గరున్న పాత రక్తపరీక్షల కాగితాలు చూసి, మధుమేహాన్ని రికార్డులో నమోదు చేసి, టీకా వేశాం. 65 నిండినవారికి రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం కలిపిన టీకా ఇస్తాం. రికార్డు ప్రకారం ఆమెది అంతకు తక్కువ వయసు కాబట్టి ఆ వయసువారికి నిర్దేశించిన కణ ఆధారిత టీకా (వైరస్‌ను కోడిగుడ్లలో కాక కణాల్లో పెంచి చేసేది) వేశాం.

భర్త

ఈ కేసులో నేను ఎక్కువ సమయం వెచ్చించింది ఈయన మీదనే. రికార్డులో ఆయనకు ఉన్న జబ్బు ఒక్కటే, అధిక రక్తపోటు. రోజుకొక ఆమ్లోడిపిన్ మాత్ర వేసుకుంటారు. బీపీ ఉంది కాబట్టి తనకు ఉచితంగా రావాలని ఆయన మొదట అనుకున్నారు, రాకపోవడంతో ఊరుకున్నారు. బీపీ ఒక్కటే ఉంటే ఉచిత టీకా రాదన్నది నిజమే. గుండె జబ్బుల విభాగంలో అధిక రక్తపోటును చేర్చినది, దాని వల్ల గుండెకు ఇబ్బంది కలిగినప్పుడు మాత్రమే. ఆయనకు అలాంటిదేమీ లేదు. బరువు ఎక్కువగా ఉన్నా, ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక బీఎంఐ 31. స్థూలకాయం కారణంగా అర్హత రావాలంటే అది 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి. భార్య గర్భిణి కాబట్టి భర్తకూ వస్తుందేమో అని అడిగారు. అదీ లేదు. ఇంట్లో ఉన్నవారి కారణంగా ఇంకొకరికి అర్హత వచ్చేది, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారితో కలిసి ఉంటున్నప్పుడు, లేదా వృద్ధులనో వికలాంగులనో ప్రధానంగా చూసుకుంటున్నప్పుడు మాత్రమే. గర్భం ఆ కోవలోకి రాదు. పుట్టబోయే పసిబిడ్డ ఉన్న ఇంట్లో తండ్రికి కూడా టీకా ఉండాలని నాకు వ్యక్తిగతంగా అనిపిస్తుంది, కానీ జాబితా అలా లేదు.

ఇక్కడితో ఆయన ఫైలు మూసేయవచ్చు. కానీ మాట్లాడుతున్నంతసేపూ ఆయన మధ్యమధ్యలో దగ్గుతున్నారు. చలికాలంలో ఆయాసం వస్తుందా, రాత్రిళ్లు పిల్లికూతలు వినిపిస్తాయా అని అడిగాను. చిన్నప్పటి నుంచీ ఉందని, చలి మొదలైతే ఎక్కువవుతుందని చెప్పారు. దానికి ఏం వాడతారని అడిగితే, ఇండియా వెళ్లినప్పుడల్లా ఫోరాకార్ట్ ఇన్‌హేలర్లు నాలుగైదు తెచ్చుకుంటానని, గత మూడు చలికాలాలూ రోజూ రెండు పూటలా వాడానని అన్నారు. ఫోరాకార్ట్‌లో ఉండేది బుడెసొనైడ్, ఫార్మొటెరాల్. అందులో బుడెసొనైడ్ పీల్చే స్టెరాయిడు.

నిబంధన సరిగ్గా ఇక్కడే వర్తిస్తుంది. ఉబ్బసం ఉన్నవారందరికీ ఉచిత టీకా రాదు. పీల్చే స్టెరాయిడును గానీ మాత్రల రూపంలో స్టెరాయిడును గానీ నిరంతరంగానో పదేపదేనో వాడవలసి వచ్చేవారికి, లేదా ఉబ్బసం ముదిరి ఆసుపత్రిలో చేరినవారికి మాత్రమే వస్తుంది. అప్పుడప్పుడు నీలం రంగు ఇన్‌హేలర్, అంటే సాల్బుటమాల్, పీల్చుకుంటే సరిపోయేవారు ఈ కోవలోకి రారు. ఈయన వాడుతున్నది ఆ నీలం ఇన్‌హేలర్ కాదు. కానీ మా సర్జరీ ఎప్పుడూ ఆయనకు స్టెరాయిడు ఇన్‌హేలర్ రాయలేదు, ఉబ్బసం అన్న మాటే రికార్డులో లేదు. ఆహ్వానాలు పంపేటప్పుడు ఎమిస్, సిస్టమ్‌వన్ వంటి కంప్యూటరు వ్యవస్థలు జబ్బుల కోడ్‌లను, రాసిన మందులను వెతికి జాబితా తయారుచేస్తాయి. హైదరాబాద్ మందుల షాపులో కొన్న ఇన్‌హేలర్ ఆ వెతుకులాటకు దొరకదు.

ఆయన చెప్పిన మాట మీద టీకా వేయవచ్చా అన్నది వైద్యపరంగా ఆలోచించవలసిన ప్రశ్న. గ్రీన్ బుక్‌లోని జబ్బుల జాబితా సంపూర్ణం కాదని, ఫ్లూ వల్ల ఉన్న జబ్బు ముదిరే ప్రమాదం ఉందా లేదా అన్నదాన్ని వైద్య సిబ్బంది తమ విచక్షణతో నిర్ణయించాలని అందులోనే ఉంది. ఆయన ఫోనులో పాత ప్రిస్క్రిప్షన్ల ఫోటోలున్నాయి, ఇన్‌హేలరు జేబులోనే ఉంది, చెబుతున్న లక్షణాలు వాటికి సరిపోతున్నాయి. ఉబ్బసాన్ని పరీక్షలతో నిర్ధారించే పని కొన్ని వారాలు పట్టవచ్చు. అప్పటిదాకా టీకా ఆపితే ఫ్లూ కాలం వచ్చేస్తుంది, టీకా పనిచేయడం మొదలుకావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ రోజు విధుల్లో ఉన్న జీపీతో మాట్లాడి, వాడుతున్న మందును రికార్డులో చేర్చి, టీకా వెంటనే వేశాం. ఉబ్బసం నర్సు దగ్గర పరీక్షలకు విడిగా అపాయింట్‌మెంటు ఇచ్చాం. ఆ పరీక్షల తరువాత ఉబ్బసం నిర్ధారణ అయింది. ఇప్పుడు ఇన్‌హేలరును ఇక్కడే రాస్తున్నారు.

టీకా కంటే పెద్ద లాభం ఆయనకు ఇదేనని నా అభిప్రాయం. బయటి నుంచి తెచ్చుకున్న మందుతో జబ్బును నెట్టుకొస్తున్నవారిని ఏటా ఎవరో పిలిచి చూసే ఏర్పాటు ఉండదు. మందు అయిపోయిన వారంలోనే ఆయాసం వస్తే వారికి దారి ఉండదు.

తమ్ముడు, అద్దెకుంటున్న విద్యార్థి

తమ్ముడి విషయం త్వరగానే తేలింది. జబ్బులేమీ లేవు, వయసు చిన్నది, కానీ చేసే పని అతనికి అర్హత ఇచ్చింది. నమోదైన వృద్ధాశ్రమాల్లోనూ, ఇళ్లకు వెళ్లి సేవ చేసే నమోదిత సంస్థల్లోనూ నేరుగా పనిచేసే సిబ్బందికి, వారి యాజమాన్యం తరఫున టీకా ఏర్పాటు లేకపోతే, సర్జరీలోనో ఫార్మసీలోనో ఉచితంగా వేస్తారు. ఈ మధ్య సంవత్సరాల్లో కేర్ వర్కర్ వీసాల మీద ఇక్కడికి వచ్చిన తెలుగు యువతీయువకులు చాలామంది ఉన్నారు. వారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. సర్జరీ రికార్డులో ఉద్యోగం వివరం సాధారణంగా ఉండదు కాబట్టి వీరికి ఆహ్వానం రాదు, వీరే అడగాలి. అతను పనిచేసే సంస్థ గుర్తింపు కార్డు చూపించాడు, టీకా వేశాం. రోజుకు ఏడెనిమిది ఇళ్లలో ఎనభై ఏళ్లు దాటినవారికి స్నానం చేయించి, అన్నం తినిపించే మనిషికి టీకా ఉండడం అతని కంటే ఆ వృద్ధులకు ఎక్కువ ముఖ్యం. ఇంగ్లండ్‌లో అంతకు ముందరి రెండు చలికాలాల్లో కలిపి ఫ్లూతో ముడిపడిన మరణాలు కనీసం 18,000 అని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య భద్రతా సంస్థ చెప్పింది. ఫ్లూ ప్రాణాల మీదికి తెచ్చేది ఎక్కువగా అలాంటి వృద్ధులకే.

విద్యార్థికి మాత్రం అర్హత లేదు. జబ్బులు లేవు, మందులు, ఇన్‌హేలర్లు, ఆపరేషన్లు, ప్లీహం తొలగింపు, మూర్ఛ వంటి ప్రశ్నలన్నీ అడిగాను. పార్ట్‌టైముగా గిడ్డంగిలో పనిచేస్తున్నాడు, సేవా రంగంలో కాదు. వీసా కోసం ఆరోగ్య సర్‌చార్జి కట్టినందున టీకా తనకూ రావాలని అతను వాదించాడు. సర్‌చార్జి కట్టినవారికి ఇక్కడి నివాసులతో సమానంగా వైద్యం అందుతుంది. ఇక్కడే పుట్టి పెరిగిన 24 ఏళ్ల ఆరోగ్యవంతుడికి కూడా ఉచిత టీకా లేదు. ఫార్మసీలో సుమారు 15 నుంచి 25 పౌండ్లకు దొరుకుతుందని, గర్భిణి ఉన్న ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి వేయించుకుంటే మంచిదని చెప్పాను. వేయించుకున్నాడు.

50 ఏళ్లు దాటితే చాలన్న మాట కూడా ఆ రోజు వినిపించింది. భర్త సహోద్యోగి ఒకరికి 56 ఏళ్లు; రెండేళ్ల క్రితం ఉచితంగా వేశారట, ఇప్పుడు లేదన్నారట. ఆ మాట నిజమే. కోవిడ్ కాలంలో 2020-21 నుంచి 2022-23 దాకా ఇంగ్లండ్‌లో 50 నుంచి 64 ఏళ్లవారిని కూడా చేర్చారు. 2023-24 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లు తమ జాబితాలను విడిగా నిర్ణయించుకుంటాయి. కాబట్టి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఉన్న బంధువు చెప్పినది ఇంగ్లండ్‌లోని లెస్టరులో వర్తించకపోవచ్చు, గత ఏడాది వర్తించినది ఈ ఏడాది వర్తించకపోవచ్చు.

తరువాత

ఈ కేసు తరువాత మా సర్జరీ నమోదు పత్రంతో పాటు నాలుగు ప్రశ్నలు విడిగా అడగడం మొదలుపెట్టాం: ఇతర దేశంలో కొన్న మందులేమైనా వాడుతున్నారా, వాడుతుంటే ఆ పెట్టెలు చూపగలరా, వృద్ధులకో రోగులకో సేవ చేసే పనిలో ఉన్నారా, ఇంట్లో ఎవరినైనా మీరే చూసుకుంటున్నారా. వీలైనంతవరకు వారి భాషలోనే అడుగుతాం. షుగరు, బీపీ, ఆయాసం అని అడిగితే వచ్చే జవాబు, దీర్ఘకాలిక వ్యాధులున్నాయా అని అడిగితే రాదు.

కుటుంబంలో టీకా తీసుకున్నవారెవరికీ చేయి నొప్పి, పాపకు రెండు రోజులు ముక్కు కారడం తప్ప ఇబ్బంది కలగలేదు. ఫిబ్రవరి చివర్లో ఆడపిల్ల పుట్టింది. అత్తగారు మార్చిలో గుంటూరు తిరిగి వెళ్లారు; వేసిన టీకా పేరు, తేదీ రాసి ఇచ్చి, అక్కడ వానాకాలంలో కూడా ఫ్లూ పెరుగుతుంది కాబట్టి జూన్‌లోపు తన డాక్టరును కలిసి మళ్లీ టీకా గురించి అడగమని చెప్పాను.

2025-26 సీజనుకు ఈ ఇంటి లెక్క మళ్లీ మారుతుంది. భార్య గర్భిణి కాదు కాబట్టి, వేరే కారణం లేకపోతే, ఆమెకు ఉచిత టీకా ఉండదు. 2024లో తడుముకోకుండా అర్హులని చెప్పగలిగింది ఆమె, పాప గురించే. పెద్ద పాప సెప్టెంబరులో రిసెప్షన్‌లో చేరుతుంది, స్ప్రే బడిలోనే వేస్తారు. బడి పంపే అనుమతి పత్రాన్ని తల్లిదండ్రులు నింపి పంపాలి. భర్తకు ఇకపై ఉబ్బసం కోడ్ ఆధారంగా ఆహ్వానం దానంతటదే వెళ్తుంది. తమ్ముడు ఉద్యోగం మారకపోతే అడిగి వేయించుకోవాలి. చిన్నపాపకు ఆరు నెలలు ఆగస్టులో నిండుతాయి గానీ, జబ్బేమీ లేని పసిపిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా ఉచిత టీకా లేదు. నిబంధనలు ఇలాగే ఉంటే ఆమె మొదటి స్ప్రే 2027 శరదృతువులో. అత్తగారికి 2025 జులైతో రికార్డు ప్రకారం కూడా 65 నిండుతాయి. మళ్లీ చలికాలంలో ఇక్కడికి వస్తే వయసు చాలు, షుగరు మాత్రల స్ట్రిప్పు చూపనక్కర్లేదు.